అర్బుదము – కాఠిన్యము: హైడ్రోజెల్ పరిశోధనల చరిత్ర

అర్బుదము గుండ్రనిది, స్థిరమైనది, లోతుగా నాటుకొన్నది యని సుశ్రుతసంహిత నిదానస్థానమున వర్ణితమై యున్నది. నేటికిని రొమ్మున గట్టిగడ్డ చేతికి తగిలినచో స్త్రీలు భీతిల్లుట సహజము. ఆ గట్టిదనము వ్యాధికి గుర్తు మాత్రమేనని వైద్యులు చిరకాలము తలచిరి. అదియే వ్యాధిని పెంచునేమో యను శంక ప్రయోగశాలలో పరీక్షకు నిలిచినది ఇటీవలి దశాబ్దములలోనే.

ఈ పరీక్షకు చిక్కొకటి గలదు. జీవకణములను పెంచు గాజుపలకలు, ప్లాస్టిక్కు పళ్లెరములు దేహమందలి మెత్తని ధాతువులకంటె లక్షలరెట్లు కఠినములు. అట్టి రాతినేలపై కణము నడవడిని చూచి, మెత్తని దేహములో దాని స్వభావమును నిర్ణయించుట యెట్లు? కావలసినది తాటిముంజెవలె నీటితో నిండి, కోరినంత మెత్తగా గాని గట్టిగా గాని చేయదగిన పదార్థము. దానినే హైడ్రోజెల్ అందురు. 1960లో ప్రేగు నగరమున ఒటో విక్టెర్లే, ద్రహోస్లావ్ లీమ్ అనువారు జీవోపయోగమునకై ఇట్టి జెల్లును ప్రకటించిరి. మెత్తని కాంటాక్టు లెన్సులు దానినుండి పుట్టినవే.

1980లో ఆల్బర్ట్ హారిస్, ఆయన సహచరులు పలుచని సిలికోను రబ్బరు పొరపై కణముల నుంచగా పొర ముడుతలు పడెను. కణము తన నేలను లాగుననుట కంటికి కనబడినది. 1997లో పెల్‌హమ్, వాంగ్ అనువారు పాలీఅక్రిలమైడు జెల్లును వాడిరి. గొలుసులను ముడివేయు ద్రవ్యమును హెచ్చించినను తగ్గించినను గట్టిదనము మారును. పైపూతయైన కొల్లాజెను మారదు. కావున కణముల నడవడిలో భేదము కనబడినచో అది కాఠిన్యము వలననే యని చెప్పుటకు వీలు కలిగెను. నా మట్టుకు ఈ చరిత్ర యంతటిలో మిక్కిలి మెచ్చదగిన ఘట్టమిదియే.

2005లో వేలరీ వీవర్ బృందమువారు చిట్టెలుకలలో ఆరోగ్యమైన స్తనధాతువు కాఠిన్యము సుమారు 170 పాస్కలులనియు, కంతి కాఠిన్యము సుమారు 4,000 అనియు కొలిచిరి. ఆరోగ్యమైన స్తనకణములు మెత్తని జెల్లుపై లోన బోలుగల చిన్నగుండ్లుగా కూడెను. గట్టిజెల్లుపై బోలు పూడి, వరుస చెడెను. కాన్సరు కణముల లాగుబలమును మందుతో తగ్గింపగా వాని క్రమము చాలవరకు మరల ఏర్పడెను!

పాలీఅక్రిలమైడుకు లోపము లేకపోలేదు. దాని ముడిద్రవ్యము విషము గనుక కణములను పైనుంచవలసినదే గాని లోన పొదుగరాదు. 2003లో లుటోల్ఫ్, హబ్బెల్ ప్రభృతులు కణములు తామే త్రెంచుకొని దారిచేసికొను పాలిఇథిలీన్ గ్లైకాలు జెల్లును నిర్మించి ఈ కొరతను కొంత తీర్చిరి.

కొల్లాజెను పోగులను ముడివేయు లైసిల్ ఆక్సిడేజ్ అను ఎంజైమును చిట్టెలుకలలో అడ్డగింపగా కంతులు ఆలస్యముగా పుట్టెనని 2009లో తేలినది. మనుష్యులయందు ఫలము ఇంత సులువుగా చేకూరలేదు. అదే కుటుంబమునకు చెందిన వేరొక ఎంజైము నడ్డగించు సిమ్టుజుమాబ్ అను మందు, ముదిరిన క్లోమకాన్సరు రోగుల ఆయువును పెంచలేదని 2017లో ప్రకటింపబడెను.