క్లాట్: పరీక్ష, శిక్షణ

ఇంటర్మీడియట్ తర్వాత ఐదేళ్ల లా కోర్సులో చేరడానికి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా పెట్టే ప్రవేశ పరీక్ష క్లాట్. హైదరాబాద్‌లోని నల్సార్‌లో, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో చేరాలన్నా ఈ ర్యాంకే ముఖ్యం. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ పేరుతో సొంత పరీక్ష పెట్టుకుంటుంది.

ఒకప్పుడు ఏ వర్సిటీ పరీక్ష దానిదే. ఫీజులు, ప్రయాణాలు, ఒకే రోజు పడే తేదీలు విద్యార్థుల నెత్తిన పడేవి. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక ఏడు వర్సిటీలు కలిసి 2008 మే 11న తొలి క్లాట్ జరిపాయి. ఏటా ఒక వర్సిటీ వంతున నడిచిన ఈ బాధ్యతను 2019 పరీక్ష నుంచి వర్సిటీల కన్సార్టియం చూస్తోంది. 2020లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ విడిగా పెట్టిన పరీక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది.

ప్రస్తుతం 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొద్దిపాటి లెక్కలు ఉంటాయి. 2020 నుంచి ప్రశ్నలన్నీ పేరాల మీదే కాబట్టి నిమిషానికో ప్రశ్న అన్న లెక్కలో పేరా చదవడం కూడా కలిసే ఉంటుంది. కోచింగ్ తీరు మారింది ఇక్కడే. జీకే బిట్లు బట్టీ పట్టే రోజులు పోయి, రోజూ ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయాలు గడియారం పెట్టుకుని చదవడం, మాక్ టెస్టు రాసి తప్పిన ప్రతి ప్రశ్ననూ తిరగదోడడం అసలు పనిగా మారాయి. పరీక్ష డిసెంబరుకు మారాక ఇదంతా ఇంటర్ రెండో ఏడాది సిలబస్‌తో పోటీపడుతోంది.

లీగల్ రీజనింగ్‌కు చట్టం తెలిసి ఉండనక్కర్లేదు. ఉదాహరణకు, తన స్థలంలో ప్రమాదకరమైనదాన్ని నిల్వచేసినవాడు అది బయటపడి చేసిన నష్టానికి, తన తప్పు లేకున్నా బాధ్యుడని పేరా చెబుతుంది. ప్రశ్నలో ఒక రైతు కట్టించిన చెరువు గట్టు కుండపోత వానకు తెగి పక్కవాడి మిరపచేను మునిగింది. దైవఘటనకు మినహాయింపు ఉందని ఎక్కడో చదివిన విద్యార్థి రైతును వదిలేస్తాడు. పేరాలో ఆ మినహాయింపు లేకపోతే ఆ జవాబు తప్పు. ఇచ్చిన సూత్రం దాటకుండా ఆలోచించే అలవాటు నెలల సాధనతో గానీ రాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోని లా ప్రవేశ పరీక్ష లాసెట్ దారి వేరు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు, పేపరు తెలుగులోనూ ఉంటుంది, తప్పుకు కోత లేదు. రాజ్యాంగం, న్యాయసూత్రాలు గుర్తుంటే గట్టెక్కవచ్చు. క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉండడం తెలుగు మీడియం పిల్లలకు పెద్ద అడ్డంకి. తెలివికి కొదవలేనివారిని సైతం చదివే వేగమే వెనక్కి లాగుతుంది. పేద, గ్రామీణ విద్యార్థులకు ఉచిత శిక్షణ కోసం న్యాయ అధ్యాపకుడు షమ్నాద్ బషీర్ 2010లో ఇడియా అనే సంస్థను ప్రారంభించారు. న్యాయ విద్యార్థులే అందులో పాఠాలు చెబుతారు.