యమామా ధాన్యం

సకల ప్రశంసలు సర్వలోకాలను పోషించే అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక.

ధార్మిక సోదరులారా! ప్రతి నమాజులోనూ మనం అల్లాహ్‌ను ‘రహ్మాన్’ అనీ, ‘రహీమ్’ అనీ స్తుతిస్తున్నాము. నోటితో స్తుతించే ఆ కారుణ్యం మన చేతలలో ఏ రూపం దాల్చాలి? ఇస్లామ్ తొలినాటి చరిత్ర ఈ ప్రశ్నకు ధాన్యపు బస్తాల రూపంలో సమాధానం ఇస్తున్నది.

మక్కా పంట పండని లోయ. ఆ నగరవాసులలో విశ్వసించిన వారికి ఫలాలను ఉపాధిగా ప్రసాదించమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) వేడుకున్నారు. తిరస్కరించేవారికి సైతం కొంతకాలం ఈ లోకపు జీవనసామగ్రిని ఇస్తానని అల్లాహ్ తెలియజేసినట్లు అల్ బఖరహ్ సూరాలో ఉన్నది. లెక్క తీసుకోవడం పరలోకంలో ఉన్నది. ఇహలోకంలో మాత్రం అన్నం ఇద్దరికీ అందుతున్నది. ఇదీ ప్రభువు రీతి.

ఆ ప్రభువు గృహం పక్కనే నివసిస్తూ ఖురైషు నాయకులు దీనికి విరుద్ధంగా నడుచుకున్నారు. క్రీ.శ. 616 ప్రాంతంలో వారు బనూ హాషిమ్, బనూ ముత్తలిబ్ వంశాలను వెలివేశారు. వారితో వియ్యం గాని, క్రయవిక్రయాలు గాని ఉండరాదని ఒప్పందం వ్రాసి కాబాలో వ్రేలాడదీశారు. అబూ తాలిబ్ లోయలో దైవప్రవక్త (స), వారి బంధుజనం రెండు మూడేళ్ళు ఆకులు అలములు తిని కాలం గడిపారు. ఆకలికి తాళలేని పసిపిల్లల ఏడుపు లోయ వెలుపలికి వినిపించేదని చరిత్రకారులు వ్రాశారు. హకీమ్ బిన్ హిజామ్ తన మేనత్త హజ్రత్ ఖదీజా (రజి) కోసం గోధుమలు తీసుకుపోతుండగా అబూ జహల్ దారిలో అడ్డగించాడు.

కాలచక్రం తిరిగింది. దైవప్రవక్త (స) మదీనాకు వలస వెళ్ళారు. యుద్ధాలు జరిగాయి. ఆ రోజుల్లో నజ్ద్ వైపు వెళ్ళిన ముస్లిం అశ్వికదళం యమామా ప్రాంతపు నాయకుడు సుమామా బిన్ ఉసాల్‌ను బంధించి తెచ్చి మస్జిద్ స్తంభానికి కట్టింది. చంపితే తన రక్తానికి విలువ ఉన్నదని, క్షమిస్తే కృతజ్ఞుడికి మేలు చేసినట్లవుతుందని, ధనం కావాలంటే అడగవచ్చునని అతడు బదులిచ్చాడు. మూడు రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. చివరకు దైవప్రవక్త (స) అతడిని విడిచిపెట్టమన్నారు. ధనం అడగలేదు, షరతు పెట్టలేదు. సుమామా సమీపంలోని ఖర్జూర తోటకు వెళ్ళి స్నానం చేసి, తిరిగి వచ్చి కలిమా పఠించాడు. అంతవరకు తనకు అత్యంత ద్వేషపాత్రమైన ముఖం ఇప్పుడు అత్యంత ప్రియమైనదిగా మారిందని చెప్పుకున్నాడు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండూ ఈ సంఘటనను నమోదు చేశాయి.

అక్కడి నుండి ఆయన ఉమ్రాకు వెళ్ళారు. మక్కావాసులు ఎత్తిపొడవగా, దైవప్రవక్త (స) అనుమతి లేనిదే యమామా నుండి ఒక్క గోధుమ గింజ కూడా వారికి చేరదని ఖండితంగా చెప్పారు. చెప్పినట్లే ధాన్యం ఆగిపోయింది. మక్కా ఆకలి పాలైంది. నాడు గోధుమలను అడ్డగించిన నగరమే నేడు గోధుమల కోసం అర్థించవలసి వచ్చింది. ఖురైషులు బంధుత్వాన్ని గుర్తు చేస్తూ మదీనాకు లేఖ వ్రాశారు. తమను ఆకలికి అప్పగించినవారే బంధుత్వం మాట ఎత్తుతున్నారు! లోయలో విన్న పసిపిల్లల ఏడుపును దైవప్రవక్త (స) మరచిపోగలరా? అయినప్పటికీ ధాన్యాన్ని వదలమని సుమామా (రజి) కు వ్రాయించారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. అప్పటికి మక్కా లొంగలేదు, క్షమాపణ కోరలేదు. ఐనా బస్తాలు కదిలాయి.

శత్రువు విషయం ఇలా ఉండగా, స్వజనం చేసిన గాయం మరింత లోతుగా ఉంటుంది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) పై అపనింద ప్రచారమైనప్పుడు అందులో పాలుపంచుకున్న వారిలో మిస్తహ్ ఒకరు. ఆయన హజ్రత్ అబూబకర్ (రజి) కు బంధువు, నిరుపేద, ఆయన ఇచ్చే సహాయంపైనే బ్రతుకుతున్నవాడు. కుమార్తె నిర్దోషిత్వం వెల్లడైన పిమ్మట, ఇకపై మిస్తహ్‌కు ఏమీ ఇవ్వబోనని అబూబకర్ (రజి) ప్రమాణం చేశారు. ఏ తండ్రి ఆయనను తప్పుపట్టగలడు? అప్పుడు అన్ నూర్ సూరాలోని 22వ ఆయత్ అవతరించింది. అల్లాహ్ తమను క్షమించాలని కోరుకునేవారు తామూ క్షమించాలని అది బోధించింది. ఆ క్షమాపణ తనకు కావాలంటూ అబూబకర్ (రజి) సహాయాన్ని పునరుద్ధరించారు; మరెన్నడూ ఆపలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అదే సూరా అపనిందకు 80 కొరడా దెబ్బల శిక్షను నిర్ణయించింది. తప్పును తప్పు కాదనమని ఇస్లామ్ చెప్పలేదు. కాని నేరానికి శిక్ష వేరు, నోటి దగ్గరి ముద్ద వేరు. పేదవాని అన్నాన్ని మన కోపానికి ఆయుధంగా మార్చుకునే అధికారం మనకు లేదు.

సోదరులారా! ఆస్తి పంపకాల్లో మాట పెరిగితే తమ్ముని పిల్లల చదువుకు ఇస్తున్న ఫీజు ఆపివేస్తాము. మస్జిద్ వ్యవహారాల్లో ఎదురు మాట్లాడినవాని పేరును జకాత్ జాబితా నుండి కొట్టివేస్తాము. అది న్యాయమేనని మనకు మనమే నచ్చజెప్పుకుంటాము. ఈ జుమా రోజున మనలో ప్రతి ఒక్కరం మనం ఆపివేసిన సహాయం ఏదైనా ఉన్నదేమో గుర్తు చేసుకుందాము. ఉంటే, అవతలివారు క్షమాపణ అడిగేదాకా వేచి ఉండకుండా దానిని తిరిగి ప్రారంభిద్దాము. మన అపరాధాలను చూస్తూ కూడా మన ప్రభువు ఈ ఉదయం మన పళ్ళెంలో అన్నం పెట్టాడు కదా!

ఓ అల్లాహ్! నీవు మా పట్ల చూపుతున్న కరుణను మేము నీ దాసుల పట్ల చూపే భాగ్యాన్ని ప్రసాదించు. మా హృదయాలలోని కాఠిన్యాన్ని తొలగించు. ఆమీన్.