జ్ఞానదంతమును, నొప్పిని నిలిపిన సూదియు



మనుష్యునకు ముప్పదిరెండు పండ్లని లెక్క. అందు కడపటివి నాలుగు, దవడల చివర, సామాన్యముగా పదునేడేండ్లకును ఇరువదియైదేండ్లకును నడుమ మొలచును. బుద్ధి వికసించు ప్రాయమున వచ్చునవి గనుక వీనికి జ్ఞానదంతములని పేరు. పేరు గొప్పదే కాని, పెక్కుమందికి ఇవి తెచ్చునది జ్ఞానము కాదు, బాధ. చోటు చాలక కొన్ని అడ్డముగా పడుకొని ముందున్న పన్నును త్రోయుచుండును. కొన్ని సగము చిగురు క్రిందనే నిలిచిపోవును. ఆ సందున మెతుకులు చేరి, చీముపట్టి, నోరు తెరవనీయవు. అట్టి పన్నును తీయవలెనన్న చిగురు కోయవలెను. ఒక్కొక్కప్పుడు ఎముకను గూడ చెక్కవలెను. ఇంతపని జరుగుచుండగా మనుష్యుడు మెలకువతో కూర్చుండియు నొప్పి యెరుగకుండుట యెట్లు సాధ్యమైనది? ఆ చరిత్రనే నేడు మనవి చేయదలచితిని.

ఇది వినోదమునకు మాత్రమే చెప్పునది కాదు. సూది యనిన భయముచేత పంటిబాధను నెలలకొలది ఓర్చుకొనువారిని పెక్కుమందిని నేను చూచితిని. ఆ సూది యెట్లు వచ్చెనో, దానికై యెవరెంత వెల చెల్లించిరో తెలిసినచో ఆ భయము కొంత సడలునని నా తలంపు.

పూర్వము పన్ను పీకుట యన్నది పీకువాని భుజబలమునకును, పీకించుకొనువాని ఓర్పునకును పరీక్షగా నుండెను. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున హొరేసు వెల్సు అను దంతవైద్యుడుండెను. 1844వ సంవత్సరము డిసెంబరు నెలలో నవ్వు పుట్టించు వాయువును పీల్చి జనులు గంతులు వేయు వేడుక నొకదాని నాతడు చూడబోయెను. అందొకడు కాలికి గాయము తగిలియు దాని నెరుగకుండుట గమనించి, మరునాడే తాను ఆ వాయువును పీల్చి తన దవడపన్ను నొకదానిని తోటి వైద్యునిచే పీకించుకొనెను. నొప్పి తెలియలేదు. కాని మరుసటి యేడు బోస్టను నగరమున పదిమంది యెదుట చూపబోగా రోగి మూలిగెను. సభవారు వెల్సును ఎగతాళి చేసిరి. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అదే నగరమున, దంతవైద్యుడే యైన మార్టను, ఈథరు ఆవిరితో రోగిని నిద్రపుచ్చగా శస్త్రచికిత్స నొప్పి లేక జరిగెను. ఈ విద్యను లోకమునకు చాటినవారు దంతవైద్యులని మనము మరువరాదు.

అయితే ఈ పద్ధతులు మనుష్యుని నిలువెల్ల నిద్రపుచ్చునవి. మరుసటి యేడు వాడుకలోనికి వచ్చిన క్లోరోఫారము వలన కొందరు మరల లేవకయే పోయిరి. అది మొదట ఊపిరి నాపునా, గుండె నాపునా యను వివాదము మన హైదరాబాదునకు గూడ చేరెను. 1888లోను, 1889లోను నిజాము ప్రభుత్వపు ఆదరణతో, డాక్టరు లారీ నాయకత్వమున అచ్చట విచారణ సంఘములు కూర్చుండి జంతువులపై పరీక్షలు జరిపినవి. ఊపిరిని గమనించుచుండిన చాలునని వారు తేల్చిరి. క్లోరోఫారము ఒక్కొక్కప్పుడు గుండెను గూడ హఠాత్తుగా నిలుపునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఒక్క పంటికొరకు ప్రాణమును తక్కెడలో పెట్టుట తగునా? ఒక మడికి నీరు వద్దనుకొన్న రైతు చెరువునంతటిని ఎండగట్టునా? ఆ కాలువ తూమును మూసివేయును. నొప్పియు నట్లే నరమను కాలువగుండ మెదడునకు చేరునది. ఆ నరమును కొంతసేపు మూయగల పదార్థ మొకటి కావలసియుండెను.

అది దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములనుండి వచ్చెను. అచ్చటివారు కోకా యను ఆకును, మనము తాంబూలము వేసికొనునట్లు, సున్నముతో గలిపి బుగ్గను పెట్టుకొని నమలుదురు. దాని సారమును 1860లో నీమను అను జర్మను రసాయనజ్ఞుడు శుద్ధముగా వేరుచేసి కొకెయిను అని పేరిడెను. అది నాలుకను మొద్దుబార్చునని గూడ వ్రాసెను. ఐనను దాని వైద్యోపయోగము తేలుటకు ఇరువదినాలుగేండ్లు పట్టినది. 1884లో వియన్నా నగరపు ఆసుపత్రిలో కార్లు కొల్లరు అను పిన్నవైద్యుడు ఆ ద్రవమును జంతువుల కండ్లలో వేసి చూచి, పిమ్మట తన కంటిలోనే వేసికొని గుండుసూది తలతో ముట్టిచూచుకొనెను. స్పర్శ తెలియలేదు. ఆ సెప్టెంబరు 15వ తేదీన హైడెల్బర్గులో జరిగిన నేత్రవైద్యుల సభకు పోవుటకు దారిఖర్చులు లేనందున అతని వ్యాసమును వేరొక వైద్యుడు చదివెను. కొలది వారములలో ఆ వార్త సముద్రములు దాటెను.

న్యూయార్కులో హాల్‌స్టెడ్, హాల్ అను ఇద్దరు శస్త్రవైద్యులు దానిని విని, మందును పైపూతగా గాక సూదితో నరమునొద్దకే పంపుటకు పూనిరి. క్రింది దవడ యెముక దట్టమైనది. చిగురులోనికి ఎక్కించిన మందు దానిగుండ ఇంకి దవడపంటి వేరును సరిగా చేరదు. కాని క్రింది పండ్లకన్నిటికి శాఖలు పంపు నరము దవడ వెనుకకొమ్మున, లోపలివైపున నొక రంధ్రముగుండ ఎముకలో ప్రవేశించుచున్నది. ఆ ముఖద్వారముకడనే మందు నిలిపినచో ఆ ప్రక్క పండ్లన్నియు మొద్దుబారును. తూము మూయుటయన్న నిదియే. నేడు క్రింది జ్ఞానదంతమును తీయువారు అనుసరించుచున్నది 1884లో వారు తెరచిన యీ మార్గమునే.

ఆ మార్గమునకు వారిచ్చిన వెల మాత్రము ఘోరమైనది. వారు మొదట తమ శరీరములమీదనే సూదులు వేసికొని పరీక్షించిరి. కొకెయిను మనుష్యుని దాసునిగా జేసికొను విషమని నాడు వారెరుగరు. ఇద్దరును ఆ వ్యసనమునకు చిక్కిరి. హాల్ న్యూయార్కును విడిచి కాలిఫోర్నియాకు వెడలిపోయి 1897లో గతించెను. హాల్‌స్టెడ్ ఆసుపత్రిలో చికిత్స పొంది, బాల్టిమోరులో జగత్ప్రసిద్ధుడైన శస్త్రవైద్యుడయ్యెను గాని, 1922లో మరణించువరకు మత్తుమందుల పీడ అతనిని పూర్తిగా విడువలేదు. మందును రోగికి ముందు తమకే వేసికొన్న యీ త్యాగమును తలచినపుడెల్ల నాకు మనసు బరువెక్కును.

కొకెయిను గుణమును నిలిపి, దోషమును తీయవలెనని రసాయనజ్ఞులు పాటుపడిరి. జర్మనీలో ఐన్‌హార్ను తయారుచేసిన నొవొకెయిను 1905లో వాడుకకు వచ్చెను. అది వ్యసనమును కలిగింపదు. కాని త్వరగా చెదరిపోవును. జపానుదేశస్థుడైన టకమినే 1901లో మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి శుద్ధముగా వేరుచేసిన అడ్రినలిను దీనికి తోడుపడెను. అది రక్తనాళములను ముడిచి మందును ఉన్నచోటనే చాలసేపు నిలుపును. రక్తస్రావమును గూడ తగ్గించును. ఈ రెంటిని కూర్చి వాడుకలోనికి తెచ్చినవాడు బ్రౌన్ అను జర్మను వైద్యుడు. పిమ్మట 1943లో స్వీడనుదేశమున లాఫ్‌గ్రెను అను రసాయనజ్ఞుడు లిగ్నొకెయినును నిర్మించెను. అతని యువసహచరుడు లుండ్‌క్విస్టు దానిని తనమీదనే పరీక్షించుకొనెను. 1948లో బజారునకు వచ్చిన ఆ మందు నొవొకెయినుకన్న త్వరగాను, నిలుకడగాను పనిచేయును. అది పడనివారు బహు అరుదు. నేడు మన దంతవైద్యులు విశేషముగా వాడునది యిదియే.

ఇప్పుడు జరుగు విధానమిది. వైద్యుడు సన్నని సూదిని గ్రుచ్చి, మొన రక్తనాళమున పడలేదని పిడిని కొంచెము వెనుకకు లాగి చూచి, మందును మెల్లగా ఎక్కించును. కొలది నిమిషములలో ఆ ప్రక్క పెదవియు నాలుకయు తిమ్మిరెక్కును. పన్ను తీయునపుడు ఒత్తుడు తెలియును, నొప్పి తెలియదు. తెలిసినచో చేయెత్తి చెప్పవలెను, వైద్యుడు మరికొంత మందు వేయును. కొన్ని గంటలవరకు పెదవి మొద్దుగా నుండును గనుక దానిని కొరుకుకొనరాదు, వేడిపదార్థములు తినరాదు. గుండెజబ్బు గలవారును, నిత్యము ఏదేని మందు సేవించువారును, మునుపేదేని మందు పడనివారును ఆ సంగతిని ముందుగనే చెప్పవలెను.

ముఖ్యమైన దింకొకటి. చీముపట్టి వాచినచోట ఆమ్లగుణము పెరుగుటచే ఈ మందు సరిగా పట్టదు. కావున భయముచేత జాగుచేసినవాడు తానే భయపడిన నొప్పిని కొనితెచ్చుకొనును. మీ మాట వినువారు ఇంటింట గలరు. ఈ సంగతిని వారి చెవిని వేసి, బాధ మొదలైననాడే వైద్యునికడకు పంపుడని వేడుచు సెలవు గైకొనుచున్నాను.