బేనామ్ డిస్కుల తారీఖ్

ఖవ్వాలీ సీడీని కంప్యూటర్‌లో వేస్తే చాలామంది హైరాన్ అవుతారు. కవర్ మీద ఖవ్వాల్ పేరు, కలాం పేరు అన్నీ అచ్చై ఉంటాయి. తెర మీద మాత్రం ట్రాక్ 1, ట్రాక్ 2 అనే వస్తుంది. ఇందులో కంప్యూటర్ కుసూర్ లేదు. 1982లో సోనీ, ఫిలిప్స్ సీడీని బజారుకు తెచ్చినప్పుడు డిస్కులో ఆవాజ్‌కే జగా ఇచ్చారు, పేర్లకు ఇవ్వలేదు. 1996లో సీడీ-టెక్స్ట్ వచ్చినా దాన్ని వాడిన కంపెనీలు తక్కువే. డిస్క్ దగ్గరున్నదల్లా ఏ పాట ఎక్కడ షురూ అవుతుందన్న హిసాబ్.

టీ కాన్, స్టీవ్ షెర్ఫ్ అనే ఇద్దరికి ఆ హిసాబే పనికొచ్చింది. దాని నుంచి ఒక నంబరు తీసి, ఆ నంబరు కింద పేర్లు జమ చేసే సీడీడీబీ అనే ఖజానా నడిపారు. పేర్లు టైపు చేసింది ఎవరు? సీడీలు కొన్న మామూలు జనం, అదీ ముఫ్త్‌గా. 1998లో ఆ ఖజానా ఒక కంపెనీకి అమ్ముడుపోయింది, తర్వాత గ్రేస్‌నోట్ అయింది. 2001లో లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్‌లకు దర్వాజా బంద్. జనం మెహనత్ ఒకరి జాయ్‌దాద్ అయిపోయింది. కానూన్ ఏమన్నా అననీయండి, నాకిది ఇన్సాఫ్‌గా కనిపించదు. జవాబుగా ఫ్రీడీబీ వచ్చింది, 2020లో అదీ మూతపడింది. రాబర్ట్ కే మొదలుపెట్టిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ నేటికీ నడుస్తోంది. అందులోని అసలు సమాచారం ఎవరి సొత్తూ కాదు.

పేరు దొరికినా ఎంపీ3లో దాన్ని ఎక్కడ దాచాలి? 1996లో ఎరిక్ కెంప్ ఫైలు చివర 128 బైట్ల చిన్న జేబు కుట్టాడు. అదే ఐడీ3. పాటకు 30 అక్షరాలు, కళాకారుడికి 30. గులాం ఫరీద్ సాబ్రీ, మఖ్బూల్ అహ్మద్ సాబ్రీ అని ఇంగ్లీషు లిపిలో రాస్తే, తమ్ముడి పేరు నడుమ తెగిపోతుంది! మొదటి జాబితాలో 80 సంగీత రకాలుంటే, అందులో ఖవ్వాలీ లేదు, గజల్ లేదు. 1998లో వచ్చిన రెండో ఐడీ3తో పెద్ద పేర్లకూ, ఉర్దూ, తెలుగు లిపులకూ చోటు దొరికింది.

కాబట్టి ఇంట్లో అబ్బాజాన్ సీడీలుంటే నా మష్వరా ఇది. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్‌లో సీడీపారనోయా వాడండి. గీతలు పడ్డచోట ఇవి మళ్ళీ మళ్ళీ చదువుతాయి. త్వరగా అవ్వాలంటే కుదరదు, సబర్ కావాలి. ఎంపీ3గా కాక ఫ్లాక్‌గా దాచండి. ఆవాజ్‌లో జర్రా కూడా పోదు, సైజు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. పేర్లకు మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్ ఉంది. వార్సీ అన్న పేరును ఒకరు డబ్ల్యూతో, మరొకరు వీతో రాసినా, అక్కడ రెండూ ఒకే కళాకారుడి కింద ఉంచవచ్చు. మీ డిస్క్ అక్కడ లేకపోతే, కవర్ ముందు పెట్టుకుని మీరే నమోదు చేయండి.