ఆకు తేనీటి పుట్టుపూర్వోత్తరములు

కాచిన నీటిని తేయాకుపై పోసి, మూతవైచి, కొంతసేపటికి వడగట్టి త్రాగుటయే తేనీటికి సహజమైన పద్ధతి యనియు, అది అనాదిగా వచ్చుచున్నదనియు మనము తలంతుము. కాని చీనాదేశమున తేనీటిని గూర్చిన తొలి శాస్త్రగ్రంథము వెలువడిన పిదప ఇంచుమించు ఆఱువందల యేండ్లవఱకును అచ్చటి రాజాస్థానము ఈ పద్ధతిని మన్నింపలేదు. విడియాకును, అనగా పొడిగాని బిళ్లగాని చేయని తేయాకును, నీట నానవైచి త్రాగుట పామరుల యలవాటుగా నుండి, పిమ్మట పండితుల యిండ్లలో ప్రవేశించినది. ఆ ప్రవేశమునకు రసికుల నాలుకకంటె, కప్పము మోసిన రైతుల వీపులే యెక్కువ కారణము.

ఆ తొలి గ్రంథమునకు ‘చా జింగ్’ అని పేరు. కర్త లూ యూ (733-804). అనాథశిశువుగా బౌద్ధవిహారమున పెరిగి, సన్న్యాసము నొల్లక పాఱిపోయి, కొంతకాలము నటుల మేళములో వేషములు గట్టిన యీ విచిత్రపురుషుడు, ఎనిమిదవ శతాబ్ది ద్వితీయార్ధమున మూడు భాగములుగా, పది ప్రకరణములుగా దీనిని రచించెను. ఆయన కాలమున ఆకును ఆవిరిపై నుడికించి, రోట దంచి, అచ్చులలో నొత్తి, బిళ్లలుగా నారబెట్టెడివారు. త్రాగదలచినప్పుడు బిళ్లను నిప్పుసెగపై కాచి, నూఱి, జల్లించి, ఆ పొడిని మరుగునీట వైచెడివారు. నీరు మరుగుటయందు మూడు దశలను లూ యూ గుర్తించినాడు. చేపకన్నులవంటి బుడగలు పొడమి సన్నని సవ్వడి వినవచ్చునది మొదటిది; పాత్ర అంచులవెంట ముత్యపుసరములు పైకెగయునది రెండవది; తరంగములు పొంగిపొరలునది మూడవది. దానికి మించి కాగిన నీరు ముదిరినదనియు, త్రాగరాదనియు ఆయన తీర్పు. నీటిలో కొండనీరు శ్రేష్ఠము, ఏటినీరు మధ్యమము, నూతినీరు అధమము. ఉల్లి, అల్లము, రేగుపండ్లు, నారింజతొక్క మొదలగువానిని వేసి కాచిన తేనీటిని ఆయన మురుగుకాలువ నీటితో సమానము చేసి తిట్టినాడు. అల్లము దంచి వేయనిదే టీ రుచింపదనెడి మన తెలుగువారిపై ఆయన యేమి శపించియుండునో! ఉప్పు మాత్రము ఆయనకు సమ్మతమే.

సుంగ్ వంశపు కాలమున బిళ్ల నిలిచినది గాని కాచుట పోయినది. మెత్తని పొడిని గిన్నెలో నుంచి, వేడినీరు కొంచెము కొంచెముగా పోయుచు, వెదురు కుంచెతో చిలికి, తెల్లని నురుగు రేపుట అప్పటి విద్య. ఎవరి నురుగు ఎక్కువసేపు నిలుచునో యని పందెములు సాగెడివి. తెలుపు స్పష్టముగా కానవచ్చుటకై కుందేటి రోమములవంటి చారలుగల నల్లని గిన్నెలకు గిరాకి పెరిగినది. ఫూజియెన్ మండలములోని రాజోద్యానములలో, తేనీరు తెల్లగా దిగవలెనని, ఉడికించిన ఆకునుండి రసమును పిండి పాఱబోసి, మిగిలిన పిప్పిని నూఱి, బంగారు డ్రాగన్లు పక్షులు ముద్రించిన బిళ్లలు చేసెడివారు. రుచిని పిండివైచి రంగునకు పట్టము గట్టిన యీ నాగరకతను నేను మెచ్చజాలను. హ్వేజుంగ్ చక్రవర్తి స్వయముగా 1107 ప్రాంతమున తేనీటిపై గ్రంథము వ్రాసినాడు. ఇరువదియేండ్లకు దండెత్తివచ్చిన జుర్చెన్‌లు రాజధానిని కొల్లగొట్టి ఆయనను బందీగా గొనిపోయిరి. చిలికెడి విద్య చీనాలో నశించినను, 1191లో అచ్చటినుండి మరలిన ఏసాయ్ అను భిక్షువు మూలమున జపానులో వేరూని నేటికిని నిలిచియున్నది.

1391లో మింగ్ వంశస్థాపకుడైన హుంగ్‌వూ చక్రవర్తి, కప్పముగా బిళ్లలు పంపుట మానవలసినదనియు, మొగ్గలను కోసి విడియాకుగానే సమర్పింపవలసినదనియు శాసించెను. అతడు పేదరైతు కుమారుడు. కఱవులో తల్లిదండ్రులను కోలుపోయి, మఠమునజేరి, ముష్టియెత్తి బ్రదికినవాడు. నూఱుట, ఒత్తుట, ముద్రించుట యను పనులకై ప్రజల శ్రమ వ్యర్థమగుచున్నదని అతని భావము. ఈ శాసనము క్రొత్త పానీయమును కల్పింపలేదు. పల్లెలలో నున్నదానినే ఆస్థానమున కెక్కించినది. అతని పదునేడవ కుమారుడు జూ చ్వాన్ తేనీటిపై గ్రంథము వ్రాయుచు ఇంకను పొడినే చిలుకుచుండెను. తండ్రి యాజ్ఞ కొడుకు వంటింటిని సైతము వెంటనే గెలువలేదన్నమాట!

ఆకు మారుటతో పాత్రయు మారక తప్పలేదు. తిరుగలి, జల్లెడ, కుంచె మూలబడినవి. మూతయు కొమ్మును గల చిన్న కూజా ముందునకు వచ్చినది. యీషింగ్ పట్టణపు ఎఱ్ఱనూదా మట్టితో, పై మెఱుగు లేకుండ చేసిన కూజాలు పదునాఱవ శతాబ్దినుండి ఖ్యాతికెక్కినవి. పచ్చని పలుచని ద్రవమును చూపుటకు నల్లగిన్నెలు పనికిరావు గనుక తెల్లని పింగాణి ఆదరము వడసినది. ఆకు ముందా, నీరు ముందా యను వివాదమును ఆ శతాబ్ది చివర జాంగ్ యువాన్ అను గ్రంథకర్త ఋతువులను బట్టి తీర్చినాడు: చలికాలమున ఆకు వైచి నీరు పోయవలెను, వేసవిని నీరు పోసి ఆకు వేయవలెను, వసంతశరత్తులయందు సగము నీటిపై ఆకు వైచి తక్కిన నీరు పోయవలెను. ఇది చాదస్తమువలె తోచును గాని, లేతాకు మరీ వేడినీట చేదెక్కునని యెఱిగినవారికి అందలి యుక్తి బోధపడును.

ఆకుపచ్చ తేయాకు, నల్ల తేయాకు, ఊలాంగ్ అనునవి వేఱువేఱు చెట్లవి కావు. కోసిన ఆకు నలిగినపుడు అందలి రసములు గాలితో గలసి రంగును వాసనను మార్చుకొనును. వెంటనే వేడి తగిలించిన ఆ మార్పు ఆగును, ఆకు పచ్చగా నిలుచును. చివరివఱకు సాగనిచ్చిన నల్లనగును. నడుమ ఆపినది ఊలాంగ్. మింగ్ కాలపు పనివారు ఆవిరికి బదులు ఇనుపమూకుడులో వేయించుట వ్యాప్తిచేసిరి. వూయీ కొండలవారు ఆ మార్పును తమకు వలసినంతవఱకు నడిపించు నేర్పు సంపాదించిరి.

ఆ వూయీ తేనీటిని గూర్చి యువాన్ మే అను కవి వ్రాసిన ముచ్చట నాకు మిక్కిలి ప్రియమైనది. ఆయన హాంగ్‌జౌ వాడు, ఆ యూరి లుంగ్‌జింగ్ పచ్చాకునకు అలవాటుపడినవాడు. వూయీ తేనీరు కషాయమువలె నున్నదని ఆయన యేవగింపు. 1786లో, డెబ్బదియేండ్ల ప్రాయమున, ఆ కొండలకు పోగా మఠములోని వారు ఆయనకు తేనీరు సమర్పించిరి. గిన్నె అక్రోటుకాయంత, కూజా మాదీఫలమంత. ఒక్క గ్రుక్కలో మ్రింగుటకు మనసొప్పక, మొదట ఆఘ్రాణించి, పిదప కొంచెము చప్పరించి, నెమ్మదిగా నమిలినట్లు ఆస్వాదింపగా పరిమళము ముక్కుపుటములకు తాకి, నాలుకపై తీపి మిగిలినదట. ఒకటి రెండు గిన్నెలు త్రాగునప్పటికి చిత్తము శాంతించినది; తన యూరి యాకు నిర్మలమేగాని పలుచనిదని ఆయన యొప్పుకొనెను. సొంతయూరి వస్తువును తగ్గించి చెప్పుట వృద్ధులకు సులభము గాదు. ఆయన మతమును మార్చినది ఆకు మాత్రమే కాదు, ఆ గిన్నె చిన్నదగుట కూడ: ఒకే ఆకుపై పలుమాఱులు నీరు పోసి, ప్రతి పోతకును మాఱెడి రుచిని గుర్తించుటకు పెద్దలోటా పనికిరాదు.

ఐరోపావారికి ఆకు చేరినది గాని, అన్ని ఆకులును ఒకే చెట్టువను ఎఱుక చేరలేదు. వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1762లో నల్లాకు చెట్టు, పచ్చాకు చెట్టు రెండు జాతులని విభజించెను. 1840 దశాబ్దమున చీనా తోటలను చూచిన రాబర్ట్ ఫార్చ్యూన్ రెండును ఒకే చెట్టునుండి వచ్చుచున్నవని నిర్ధారించెను. ఎగుమతికై సిద్ధముచేయు పచ్చాకునకు ప్రష్యన్ నీలిని, హరశోఠమును కలుపుటయు, పనివారి చేతులు నీలివర్ణము దాల్చుటయు ఆయన కన్నులార గాంచెను. తాము త్రాగు ఆకునకు వారు రంగు వేయరు. రంగు కోరినది కొనువాడు.

మన దేశపు కథ వేఱు. అస్సాము ఆకు లండను వేలమునకు మొదట చేరినది 1839లో. ఆకును చుట్టు యంత్రములు తరువాత వచ్చినవి. 1930 దశాబ్దమున ఆకును నలిపి, చింపి, గుండ్లుగా చుట్టు యంత్రము అస్సామున పుట్టినది. ఆ గుండ్లు క్షణములో రంగు దించును, పాలకు తట్టుకొనును, తక్కువ ఖర్చున ఎక్కువ కప్పులనిచ్చును. హైదరాబాదు ఇరానీ హోటళ్ల చాయ్ గాని, మన యిండ్లలో పాలతో మరిగించు టీ గాని ఇట్టి పొడిపైననే నిలిచినవి. వానిని నిందించుట నా యుద్దేశము కాదు, ఆ పనికి ఆ పొడియే తగును. కాని విడియాకును కొని తెచ్చి, దానిని సైతము పాలలో వైచి ఉడికించి, రుచి లేదని అంగడివానిని తిట్టుట న్యాయము గాదు. పచ్చాకునకు, కాగిన నీటిని కొంత చల్లార్చి పోసి రెండు నిమిషములలో వడగట్టవలెను. ఊలాంగ్‌నకు సలసల క్రాగునదే పోయవలెను, అదే ఆకుపై నాలుగైదుసారులు పోయవచ్చును. డార్జిలింగు ఆకునకు మూడు నాలుగు నిమిషములు చాలును. గిన్నె తెల్లనిదైనచో రంగును గూర్చి యెవరినిగాని అడుగవలసిన పని యుండదు.