నాలుగేసి వంతున దిగే లెక్క

లెక్కల క్లాసులో పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి చేతులకు పని చెప్పడం ఈ మధ్య వచ్చిన పద్ధతని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. అనంతపురం జిల్లాలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. 1882 దాకా మాది బళ్ళారి జిల్లాయే. అక్కడి వీధిబడుల గురించి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసుకు రాసి పంపిన నివేదిక చదివితే మా ముత్తాతల చదువు ఎలా సాగిందో కళ్ళకు కడుతుంది.

క్యాంబెల్ తెలుగు వ్యాకరణం రాసిన దొర. బడులెన్ని ఉన్నాయో చెప్పమని గవర్నరు మన్రో అడిగితే, 533 ఉన్నాయని, వాటిలో 226 తెలుగు బడులని లెక్క తేల్చాడు. మొత్తం 6,641 మంది పిల్లల్లో ఆడపిల్లలు 60 మందే. ఆ అంకె దగ్గర నా మనసు ప్రతిసారీ చివుక్కుమంటుంది.

బడి పొద్దున ఆరింటికే మొదలు. అందరికన్నా ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు వరసగా ఒకటి, రెండు, మూడు దెబ్బలు! చిన్నపిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. కాస్త ఎదిగాక బొగ్గుపొడి పట్టించిన పలక, బలపం వచ్చేవి. పెద్దపిల్లలే చిన్నవాళ్ళకు చెప్పేవారు. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ ఎగ్మూరు అనాథబాలుర ఆశ్రమంలో అమలుచేసి, 1797లో లండన్లో పుస్తకంగా వేశాడు. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనని క్యాంబెల్ కూడా రాశాడు.

నన్ను కట్టిపడేసింది మాత్రం భిన్నాల సంగతి. అవి పదేసి వంతున కాకుండా నాలుగేసి వంతున దిగేవట. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరసల్లో నిలబడి, ఒకడు చెబుతుంటే భిన్నాలు, ఎక్కాలు, కొలతలు వల్లించేవారు. అంగట్లో అక్కరకొచ్చే లెక్క అది. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక. రూపాయిలో వీసం వంతు అణా, అణాలో నాలుగో వంతు కానీ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా డబ్బు అలాగే నడిచింది.

పాత బడిని నెత్తిన పెట్టుకోమని నేననను. బద్ధకించిన పిల్లల్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారని అదే నివేదికలో ఉంది. వల్లించే పద్యాలకు అర్థం తెలియదనీ ఉంది. నా బాధల్లా ఒకటే: ఆ బడి నుంచి మనం వల్లెవేయడాన్ని దాచుకున్నాం, ఇసుకనూ కొలపాత్రనూ వదిలేశాం.

మా పిల్లలతో నేను పాత దినపత్రికలు మడతపెట్టించేదాన్ని. నలుగురికి ఒక కాగితం. రెండు మడతలకు పావు, నాలుగు మడతలకు వీసం. ఆరో మడత ఒక పట్టాన లొంగదు; ఇద్దరు మోకాళ్ళతో అదిమిపట్టాలి. విప్పి పరిచి గళ్ళు లెక్కపెడితే 64. పదహారో వంతు పెద్దదా, అరవై నాలుగో వంతు పెద్దదా అని ఆ తర్వాత ఏ పిల్లా తడబడలేదు.

భిన్నాల పాఠం ఎత్తుకోబోయే టీచర్లకు నా మనవి: మొదటిరోజు పుస్తకం తెరవకండి. ఇంట్లో ఉన్న పాత పేపర్లు పట్టుకెళ్ళండి.