ఆస్టరిస్క్ (సాఫ్టువేరు)

ఆస్టరిస్క్ ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. సాధారణ కంప్యూటరును టెలిఫోను ఎక్స్ఛేంజిగా మార్చడానికి దీనిని ఉపయోగిస్తారు. ఇది ప్రధానంగా లినక్సు ఆపరేటింగ్ సిస్టంపై పనిచేస్తుంది. గ్నూ సార్వజనిక లైసెన్సు కింద లభిస్తున్నందున దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

చరిత్ర

అమెరికాకు చెందిన మార్క్ స్పెన్సర్ 1999లో దీనిని రూపొందించాడు. లినక్సు వినియోగదారులకు సహాయం అందించే తన చిన్న సంస్థకు ఎక్స్ఛేంజిని కొనే స్తోమత లేక, తానే ఒకటి రాసుకున్నాడు. ఆ సంస్థే తరువాత డిజియం అయింది. 1.0 వెర్షను 2004లో విడుదలైంది. 2018లో డిజియంను సంగోమా సంస్థ కొనుగోలు చేసింది. టెలిఫోను మీటలలో కనిపించే నక్షత్రపు గుర్తే దీని పేరుకు మూలం.

పనిచేసే విధానం

మాట్లాడే గొంతు అంకెల రూపంలోకి మారి, చిన్నచిన్న ప్యాకెట్లుగా నెట్‌వర్కులో ప్రయాణిస్తుంది. కాల్‌ను మొదలుపెట్టడం, ముగించడం వంటి పనులను సిప్ అనే నియమావళి చూసుకుంటుంది. దీనికి సాధారణంగా 5060 పోర్టును వాడతారు. గొంతును ఆర్‌టీపీ అనే మరొక నియమావళి చేరవేస్తుంది. ఏ నంబరు నొక్కితే ఏ ఫోను మోగాలి, ఎవరూ ఎత్తకపోతే ఏమి చేయాలి అన్న సూచనలను నిర్వాహకుడు ఒక ఫైలులో రాసి ఉంచుతాడు. దీనినే డయల్ ప్లాను అంటారు.

జి.711 పద్ధతిలో ఒక్కొక్క కాల్‌కు ఒక్కొక్క దిశలో సుమారు 87 కిలోబిట్ల వేగం అవసరం. జి.729 పద్ధతిలో సుమారు 31 కిలోబిట్లు చాలు. గొంతు ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించి పడితే సంభాషణ ఇబ్బందిగా మారవచ్చు.

కొండ ప్రాంతాలలో ఉపయోగం

అరకులోయ తూర్పు కనుమలలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 2022 నుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. ఇటువంటి ప్రాంతాలలో కొండలు సంకేతాలకు అడ్డు వస్తాయి. గూడేలు దూరదూరంగా ఉండడం వలన తీగలు వేయడం ఖర్చుతో కూడిన పని. ఆస్టరిస్క్‌తో ఒక వసతిగృహంలోనో, ఆసుపత్రిలోనో ఉన్న గదుల మధ్య మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్ అవసరమే లేదు, స్థానిక నెట్‌వర్కు చాలు. బయటి సంబంధం తెగిపోయినా లోపలి ఫోన్లు పనిచేస్తూనే ఉంటాయి. అయితే విద్యుత్తు పోతే కంప్యూటరు, రూటరు, ఫోన్లు అన్నీ ఆగిపోతాయి. కనుక బ్యాటరీ ఏర్పాటు తప్పనిసరి. 108 వంటి అత్యవసర సేవలకు దీనిపైనే ఆధారపడకుండా, మరొక మార్గాన్ని కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ముందుగా రికార్డు చేసిన గొంతును వినిపించడం దీనిలోని మరొక ముఖ్య సౌకర్యం. అరకు ప్రాంతంలో తెలుగుతో పాటు కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి భాషలు మాట్లాడతారు. ఆ భాషలవారి గొంతుతోనే సూచనలను రికార్డు చేసి పెట్టవచ్చు. అందువలన చదవడం రానివారు కూడా సమాచారం పొందగలుగుతారు. మధ్య భారతంలో శుభ్రాంశు చౌదరి 2010లో ప్రారంభించిన సీజీనెట్ స్వర ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ఆస్టరిస్క్ ఆధారంగా నిర్మించిన ఆ సేవలో గ్రామీణులు, గిరిజనులు మామూలు ఫోను నుండే తమ సమస్యలను చెప్పి రికార్డు చేయగలిగారు. పరిశీలన తరువాత వాటిని ఇతరులు ఫోనులో విన్నారు.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో ఇంటర్నెట్ టెలిఫోనును 2002 ఏప్రిల్ 1 నుండి పరిమితంగా అనుమతించారు. సంస్థ లోపలి అవసరాలకు ఆస్టరిస్క్‌ను వాడుకోవడం వేరు, ప్రజలకు టెలిఫోను సేవ అందించడం వేరు. రెండవ దానికి ప్రభుత్వ అనుమతి అవసరం. విదేశీ కాల్స్‌ను అనుమతి లేకుండా స్థానిక కాల్స్‌గా మళ్ళించడం నేరం.

భద్రత

బలహీనమైన సంకేతపదాలు ఉన్న వ్యవస్థలలోకి చొరబడి, ఖరీదైన విదేశీ నంబర్లకు ఫోను చేసే మోసాలు సాధారణం. ఆ బిల్లు వ్యవస్థ యజమానిపైనే పడుతుంది. పొడవైన సంకేతపదాలు, ఫైర్‌వాల్, అవసరం లేని విదేశీ కాల్స్‌ను నిలిపివేయడం దీనికి ముఖ్యమైన రక్షణలు.